వంగి గెలిచిన ఇరుసు

స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లవాల్ 1845లో జన్మించారు. 1878లో పాలనుండి మీగడను వేరుచేసే యంత్రాన్ని నిర్మించారు. అనంతరం ఆయన రూపొందించిన చిన్న ఆవిరి టర్బైను నిమిషానికి 30,000 సార్లు తిరిగేది. చక్రపు గరిమనాభి వెంట్రుకవాసి తొలగినా అంతటి వేగాన ఇరుసు కంపించి విరుగుతుంది. సందిగ్ధ వేగాన్ని ఏ ఇరుసూ దాటజాలదని 1869లో రాంకిన్ పండితుడే తేల్చారు.

మనమైతే ఇరుసును మరింత లావు చేసేవారము. లవాల్ సన్నని, వంగే ఇరుసును అమర్చారు. సందిగ్ధ వేగం దాటగానే చక్రం తన గరిమనాభి చుట్టూ తిరుగుతూ స్థిమితపడింది. అది పగిలిపోకుండా నడుమ మందంగా, అంచువైపు పలుచగా మలిచారు. 1895లో ఫొప్పెల్ ఆ మర్మాన్ని గణితంతో వివరించారు.

1913లో లవాల్ అస్తమించారు. నేటి సూపర్‌చార్జర్ రోటార్ల కంపన గణనకు ఆయన ఇరుసే తొలిమెట్టు. బిగువొక్కటే బలం కాదని ఆ జీవితం మనకు బోధిస్తున్నది.