రేచెల్ కార్సన్: పురుగుమందుల గుట్టు విప్పిన కలం

వీపున మందు పంపు మోసుకుని చేను చేను తిరిగే కూలీలలో రేచెల్ కార్సన్ పేరు విన్నవాళ్ళు తక్కువ. ఆమె అమెరికా రచయిత్రి. 1964లోనే కన్నుమూసింది. అయినా ఆ డబ్బాలో ఏముంది, అది మన ఒంటికీ, నేలకూ, నీటికీ ఏం చేస్తుంది అన్న ప్రశ్నను లోకమంతా వినేటట్టు అడిగింది ఆమె. అందుకే ఆమె జీవితాన్ని ఇక్కడ చెప్పుకుందాం.

కార్సన్ 1907 మే 27న పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రికి కొంత భూమి ఉన్నా ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. తల్లి వెంట పొలాల్లో, అడవుల్లో తిరుగుతూ పిట్టలనూ పురుగులనూ పేరుపేరునా తెలుసుకుంది. రచయిత్రి కావాలని కాలేజీలో చేరి, మధ్యలో జీవశాస్త్రానికి మారింది. 1932లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రంలో ఎం.ఏ. పూర్తిచేసింది. అవి ఆర్థిక మాంద్యం రోజులు. పైచదువు ఆగిపోయింది. 1935లో తండ్రి పోయాడు. 1937లో అక్క చనిపోయి ఇద్దరు ఆడపిల్లల్ని మిగిల్చింది. ఇంటి బరువంతా కార్సన్ మీదనే పడింది.

ఫెడరల్ ప్రభుత్వ మత్స్యశాఖ కోసం చేపల మీద రేడియో ప్రసంగాలు రాస్తూ ఆమె కలం పట్టింది. ఆ సమాచారంతోనే బాల్టిమోర్ సన్ పత్రికకు వ్యాసాలు రాసేది. 1936లో సర్కారీ పరీక్ష నెగ్గి అదే శాఖలో ఉద్యోగి అయింది. పగలు ఆఫీసు, రాత్రి రాత. 1951లో సముద్రం గురించి రాసిన పుస్తకం లక్షల మంది చదివారు. ఆ ఆదాయంతో మరుసటేడు ఉద్యోగం మానేసి పూర్తిగా రచనకే అంకితమయింది.

ఇక డీడీటీ సంగతి. అది పురుగుల్ని చంపుతుందని కనిపెట్టిన స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో పేల వల్ల వ్యాపించే టైఫస్ జ్వరాన్నీ, మలేరియానూ అరికట్టడానికి అది పనికొచ్చిన మాట నిజమే. అయితే యుద్ధం ముగిశాక కంపెనీలు దాన్ని చేలమీదికి, తోటలమీదికి, ఊళ్ళమీదికి మళ్ళించాయి. విమానాలతో చల్లించాయి. మందు పడ్డచోట ఇంకేం చస్తోందో చూసినవాడు లేడు. కార్సన్ 1945లోనే దీనిమీద వ్యాసం రాస్తానని రీడర్స్ డైజెస్ట్ పత్రికను అడిగింది. వాళ్ళు వద్దన్నారు.

1958 జనవరిలో మసాచుసెట్స్ నుంచి ఒక స్నేహితురాలి ఉత్తరం అందింది. దోమల కోసం విమానంతో మందు చల్లితే తన పెరట్లో పిట్టలు చచ్చి పడ్డాయని ఆమె గోడు. అక్కడినుంచి కార్సన్ నాలుగేళ్ళపాటు ఇదే పని పెట్టుకుంది. శాస్త్రజ్ఞులకు ఉత్తరాలు రాసింది, ప్రభుత్వ నివేదికలు తిరగేసింది, డాక్టర్లను అడిగింది. విన్నదల్లా రాయలేదు. ప్రతి సంగతికీ ఆధారం చూపింది. పుస్తకం చివర ఆధారాల పట్టికే 50 పేజీలు దాటింది. ఈ మధ్యలోనే ఆమెకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది. 1960లో ఆపరేషన్ జరిగింది. కంపెనీలు దీన్ని సాకుగా వాడుకుంటాయని ఆమె జబ్బు సంగతి బయటపెట్టలేదు.

ఆ రచన 1962 జూన్‌లో న్యూయార్కర్ పత్రికలో మూడు భాగాలుగా, సెప్టెంబరులో సైలెంట్ స్ప్రింగ్ పేరుతో పుస్తకంగా వచ్చింది. పిట్ట కూత వినబడని వసంతం అని దాని భావం.

అందులో ఆమె చూపిన ఒక ఉదాహరణ కాలిఫోర్నియాలోని క్లియర్ లేక్ అనే సరస్సు. దోమల్లాంటి చిన్న పురుగుల్ని చంపడానికి డీడీటీకి దగ్గరి చుట్టమైన డీడీడీని ఆ నీళ్ళలో కలిపారు. 5 కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు మందు. ఇంత కొంచెం ఏం చేస్తుందిలే అనుకున్నారు. నీటిలోని నాచు దాన్ని పీల్చుకుంది, నాచు తిన్న చేపల్లో ఇంకా పేరుకుంది, చేపల్ని తిన్న గ్రీబ్ అనే నీటిపక్షులు వందలుగా చచ్చాయి. వాటి కొవ్వును పరీక్షిస్తే 10 లక్షల పాళ్ళకు 1,600 పాళ్ళ విషం తేలింది. అంటే నీటిలో కలిపినదానికి 80,000 రెట్లు. నేలమీదా ఇదే తంతు. మిషిగన్‌లో ఎల్మ్ చెట్లకు మందు కొడితే ఆకులు రాలి మట్టిలో కలిశాయి, ఆ మట్టిలో బతికే వానపాముల్లో విషం చేరింది, వాటిని తిన్న రాబిన్ పిట్టలు రాలిపోయాయి.

మనుషులూ ఈ గొలుసుకు బయట లేరని ఆమె చెప్పింది. నారింజ తోటలో కాయలు కోస్తున్న 30 మంది కూలీలలో 11 మందికి ఉన్నట్టుండి తీవ్రంగా జబ్బు చేసింది. ఆ తోటకు పారథియాన్ కొట్టి అప్పటికి రెండున్నర వారాలు గడిచింది. కొట్టినవాడికే కాదు, తర్వాత కోతకు వెళ్ళినవాడికీ ముప్పేనని అలా తేలింది. 1958లో ఒక్క భారతదేశంలోనే ఈ మందుకు 100 మంది బలయ్యారని కూడా ఆమె నమోదు చేసింది. ఆ ఏడే కేరళలో, ఓడలో పారథియాన్ కారి కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే మన దేశంలో 1968 పురుగుమందుల చట్టం వచ్చింది.

పుస్తకం బయటికి రాకముందే వెల్సికాల్ అనే కంపెనీ కోర్టుకు లాగుతానని ప్రచురణకర్తను బెదిరించింది. మందుల కంపెనీలన్నీ ఒక్కటై డబ్బు కుమ్మరించి ఎదురు ప్రచారం చేశాయి. పెళ్ళికాని ఆడదానికి ఇవన్నీ ఎందుకన్నారు, కమ్యూనిస్టు అన్నారు. 1963 ఏప్రిల్‌లో సీబీఎస్ టెలివిజన్ ఆమె మీద కార్యక్రమం ప్రసారం చేయబోతే ప్రకటనలిచ్చే ఐదుగురిలో ముగ్గురు తప్పుకున్నారు. అయినా ప్రసారం ఆగలేదు. మే నెలలో అధ్యక్షుడు కెనెడీ నియమించిన శాస్త్రజ్ఞుల సంఘం ఆమె ఆందోళన సబబేనని తేల్చింది. జూన్‌లో జబ్బుతోనే సెనేట్ కమిటీ ముందు కూర్చుని సాక్ష్యమిచ్చింది. 1964 ఏప్రిల్ 14న, 56వ ఏట మరణించింది.

ఆమె డీడీటీని మలేరియాకు వాడొద్దన్నదనీ, అందుకే జనం చచ్చారనీ కొందరు నిందిస్తారు. ఇది అబద్ధం. మందులన్నీ మానేయమని ఆమె ఎక్కడా అనలేదు. విచ్చలవిడిగా చల్లితే దోమలూ పురుగులూ మందుకు లొంగకుండా పోతాయని ముందే హెచ్చరించింది. అమెరికా 1972లో పంటలకు డీడీటీని నిషేధించింది. మన దేశంలో ఆ పని 1989లో జరిగింది. అంతకుముందే, 1970లో, సీజర్ చావెజ్ నాయకత్వంలోని వ్యవసాయ కార్మిక సంఘం కాలిఫోర్నియా ద్రాక్షతోటల యజమానులతో ఒప్పందాలు కుదుర్చుకుంది. డీడీటీ లాంటి మందులు వాడరాదన్న షరతు వాటిలో పెట్టించింది. పుస్తకం చెప్పిన నిజాన్ని కూలీల ఐక్యత తోటలోకి తెచ్చింది.

ఆమె హెచ్చరిక మన పత్తిచేలలో అక్షరాలా నిజమయింది. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని మందులు కొట్టినా తెల్లదోమా, కాయతొలిచే పురుగూ చావలేదు. అప్పులు మాత్రం పెరిగాయి, రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 1997-98లో వరంగల్ జిల్లాలో అదే విషాదం. పురుగును చంపని మందు రైతును చంపింది. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ సుమారు 20 మంది రైతులూ కూలీలూ చనిపోయారు. మరోదారి లేదా అంటే ఉంది. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం వేపగింజల కషాయం లాంటి పద్ధతులతో పంట పండించి, 2003 నాటికి పురుగుమందులు లేని ఊరిగా ప్రకటించుకుంది.

మందు కొట్టేవాడికి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఎన్ని చేలలో అమలవుతున్నాయో మనకు తెలుసు. డబ్బాలో ఉన్నది ఏమిటో మన భాషలో చెప్పాలనీ, చేతికి తొడుగు, ముఖానికి గుడ్డ ఇవ్వందే పంపు ఎత్తుకోమనీ, మందు కొట్టిన చేలో ఎన్ని రోజులకు దిగాలో చెప్పాలనీ కూలి బేరంలోనే అడుగుదాం. ఒక్కరు అడిగితే రేపటినుంచి పనికి రావద్దంటారు. ఊరి కూలీలంతా కలిసి అడిగితే ఆ మాట అనలేరు.