సూరి భగవంతం – అద్దంలో దాగిన బలాలు

రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం. విజయవాడ వీధిలో ఒక కారు నిలిచి ఉందనుకుందాం. దాని దగ్గర ఎవరూ లేరు. రాయి తగలలేదు, చెట్టు కొమ్మ విరిగి పడలేదు. ఉన్నట్టుండి పెద్ద చప్పుడుతో పైకప్పులోని సన్‌రూఫ్ అద్దం పగిలి, పటికబెల్లం పలుకుల వలె సీట్ల మీద రాలింది. యజమాని మొదట డ్రైవరును అనుమానిస్తాడు. డ్రైవరు వీధిలో ఆడుకునే పిల్లలను అనుమానిస్తాడు. ఇంటి పెద్దలు దిష్టి తగిలిందని చెప్పి నిమ్మకాయలు కట్టిస్తారు. అద్దం మాత్రం ఎవరికీ సమాధానం చెప్పదు. ఏ తప్పూ చేయనివాడు ఒక్కొక్కసారి ఆ అద్దం ఖరీదును తన జీతంలో నుంచి చెల్లించుకోవలసి వస్తుంది.

కారణం కనిపించనంత మాత్రాన కారణం లేదని కాదు. పారదర్శకమైన పదార్థం లోపల కూడా మన కంటికి కనిపించని బలాలు ఉంటాయి. వాటిని కాంతి సాయంతో చదవవచ్చునని భౌతికశాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రభాగంలో ప్రపంచమంతా అంగీకరించిన ఒక లెక్కను సరిదిద్దినవారు విజయవాడకు సమీపంలోని ఒక పల్లెలో పుట్టిన తెలుగువారు. ఆయనే డాక్టర్ సూరి భగవంతం.

భగవంతం 1909 అక్టోబరు 14వ తేదీన నాటి కృష్ణా జిల్లాలోని ఆగిరిపల్లిలో జన్మించారు. శోభనాచలం పాదాన ఉన్న ఆ గ్రామం విజయవాడకూ నూజివీడుకూ నడుమ ఉంది. ఆయన పాఠశాల చదువు కాలువలకూ వరి చేలకూ నిలయమైన గుడివాడలో సాగింది. తరువాత హైదరాబాదులోని నిజాం కళాశాలలో చేరి సైన్సు పట్టభద్రులయ్యారు. ఆ రోజులలో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది.

1928 భారతీయ విజ్ఞాన చరిత్రలో మరపురాని సంవత్సరం. ఆ ఏడాది ఫిబ్రవరి 28న సర్ సి.వి. రామన్ కలకత్తాలో తన పేరుతో ప్రసిద్ధమైన కాంతి ఫలితాన్ని కనుగొన్నారు. ఆ వార్త భగవంతాన్ని ఆకర్షించింది. అదే సంవత్సరం ఆయన కలకత్తా వెళ్ళి రామన్ వద్ద పరిశోధనలో చేరారు. అప్పటికి ఆయనకు ఇంకా ఇరవై ఏళ్ళు నిండలేదు. అక్కడ పని చేస్తూనే మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఎం.ఎస్సీ. పట్టం పొందారు. 1930లో రామన్‌కు నోబెల్ బహుమతి లభించింది. ఆ మరుసటి సంవత్సరం, కాంతి కణమైన ఫోటాన్‌కు స్పిన్ అనే లక్షణం ఉందనడానికి ప్రయోగ నిదర్శనం చూపుతూ గురుశిష్యులు కలిసి పరిశోధన పత్రం ప్రకటించారు. కాంతిని సాధనంగా చేసుకొని పదార్థ స్వభావాన్ని తెలుసుకోవడం భగవంతానికి ఆ గురుకులంలో అబ్బిన విద్య.

1932లో ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఉపన్యాసకులుగా చేరారు. 1926లో బెజవాడ కేంద్రంగా ప్రారంభమైన ఆ విశ్వవిద్యాలయం అప్పటికి వాల్తేరుకు తరలి స్థిరపడింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ దానికి ఉపకులపతిగా ఉన్న కాలమది. కొత్త విశ్వవిద్యాలయంలో ప్రయోగశాలను నిలబెట్టుకోవలసిన బాధ్యత కూడా బోధించేవారి మీదనే ఉండేది. భగవంతం ఆ పనిని ఎంతో శ్రద్ధతో నిర్వహించి, ఇరవై ఎనిమిదేళ్ళ వయస్సులోనే ఆచార్య పదవిని అందుకొన్నారు. 1940లో కాంతి పరిక్షేపణం గురించి, రామన్ ఫలితం గురించి ఆయన రచించిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది.

ఇప్పుడు ఆయన సరిదిద్దిన లెక్క ఏమిటో తెలుసుకుందాం. ఒక వస్తువును నొక్కినా, లాగినా దాని లోపల ప్రతిబలం ఏర్పడుతుందని మనం భౌతికశాస్త్రంలో చదువుకున్నాం. గాజులో ఏర్పడిన ప్రతిబలం మామూలు చూపుకు కనిపించదు. అయితే ఒకే దిశలో కంపించే కాంతిని, అనగా ధ్రువిత కాంతిని, ఆ గాజు గుండా పంపి, మరొక ధ్రువణ ఫలకం గుండా చూస్తే రంగురంగుల చారలు కనిపిస్తాయి. ఈ విశేషాన్ని 19వ శతాబ్దం ప్రారంభంలో స్కాట్లండుకు చెందిన డేవిడ్ బ్రూస్టర్ కనుగొన్నారు. నొక్కిడి వల్ల పదార్థపు కాంతి లక్షణాలలో కలిగే ఈ మార్పును కాంతి స్థితిస్థాపకత అంటారు. ఆ చారలను బట్టి బలం ఎక్కడ ఎంత ఉందో చెప్పవచ్చు.

గాజు అన్ని దిశలలోనూ ఒకే విధంగా ప్రవర్తిస్తుంది. కనుక దాని విషయంలో రెండు స్థిరాంకాలతో లెక్క ముగుస్తుంది. స్ఫటికాల సంగతి అలా కాదు. వాటిలో అణువుల అమరికను బట్టి దిశదిశకూ గుణం మారవచ్చు. స్ఫటికాలను వాటి సౌష్ఠవాన్ని బట్టి 32 తరగతులుగా విభజించారు. ఏ తరగతికి ఎన్ని స్థిరాంకాలు కావాలో 19వ శతాబ్దం చివర జర్మనీ శాస్త్రవేత్త పోకెల్స్ నిర్ణయించారు. సుమారు అర్ధశతాబ్దం పాటు ఆ పట్టికను అందరూ ప్రమాణంగా స్వీకరించారు.

భగవంతం దానిని అలాగే స్వీకరించలేదు. సమూహ సిద్ధాంతమనే గణితశాఖ సాయంతో ప్రతి తరగతినీ మొదటి నుంచి లెక్క కట్టి చూశారు. కొన్ని తరగతులలో ఆయనకు వచ్చిన సంఖ్య పోకెల్స్ చెప్పిన సంఖ్యతో సరిపోలేదు. ఉదాహరణకు, ఘన వ్యవస్థకు చెందిన స్ఫటికాలన్నింటికీ మూడు స్థిరాంకాలు చాలునని పోకెల్స్ భావించారు. ఆ వ్యవస్థలోని ఐదు తరగతులలో రెండింటికి నాలుగు స్థిరాంకాలు అవసరమని భగవంతం నిరూపించారు. 1942లో ఈ ఫలితాన్ని ప్రకటించారు. తరువాత జరిగిన ప్రయోగాలు ఆయన నిర్ణయాన్నే బలపరచాయి. తేడా ఒక్క అంకెదే అయినా, ఆ అంకె తప్పయితే స్ఫటికం లోపలి బలాన్ని తప్పుగా చదివినట్లే అవుతుంది. పెద్దలు వేసిన లెక్కను గౌరవిస్తూనే, దానిని తానుగా మరల వేసి చూడడం ఆయన శాస్త్రదృష్టికి నిదర్శనం.

అవి రెండవ ప్రపంచ యుద్ధం నాటి రోజులు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నంపై జపాను బాంబులు పడ్డాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం తాత్కాలికంగా గుంటూరుకు తరలి, 1946లో గాని తిరిగి వాల్తేరు చేరలేదు. ఇన్ని అవాంతరాల నడుమ కూడా భగవంతం పరిశోధన ఆగలేదు. చెవికి వినిపించని అతిధ్వని తరంగాలను ఘనపదార్థాల గుండా పంపి, వాటి స్థితిస్థాపకతను కొలిచే పద్ధతులను ఆయన బృందం చేపట్టింది. పదార్థాలన్నింటిలో కఠినమైన వజ్రానికి కూడా ఆ సంవత్సరాలలోనే ఆయన, ఆయన సహచరులు స్థితిస్థాపక స్థిరాంకాలను కొలిచారు. 1948లో గణితవేత్త టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ సిద్ధాంతాన్ని భౌతిక సమస్యలకు అన్వయించే గ్రంథాన్ని వెలువరించారు.

ఆ పిదప ఆయన జీవితం పరిపాలన వైపు మళ్ళింది. లండనులోని భారత హైకమిషన్‌లో శాస్త్ర సంబంధాల అధికారిగా కొంతకాలం పనిచేశారు. తిరిగి వచ్చి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1952 నుంచి 1957 వరకు దానికి ఉపకులపతిగా వ్యవహరించారు. 1957లో బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. 1961 నుంచి 1969 వరకు దేశ రక్షణ పరిశోధన సంస్థకు అధిపతిగా, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా సేవ చేశారు. చైనాతోనూ, పాకిస్తాన్‌తోనూ యుద్ధాలు జరిగిన ఆ క్లిష్ట కాలంలో అది బరువైన బాధ్యత. అంతటి పని ఒత్తిడిలోనూ ఆయన తన తొలి విషయాన్ని మరువలేదు. స్ఫటిక సౌష్ఠవానికీ భౌతిక ధర్మాలకూ గల సంబంధాన్ని వివరిస్తూ 1966లో మరొక గ్రంథాన్ని ప్రకటించారు.

భగవంతం కారు అద్దాలను తయారు చేయలేదు. అయితే ఏ శాస్త్రాన్ని ఆయన పెంచి పోషించారో, ఆ శాస్త్రమే మన మొదటి ప్రశ్నకు సమాధానం చూపుతుంది. కారు పక్క అద్దాలకూ, వెనుక అద్దానికీ, చాలా సన్‌రూఫ్‌లకూ వాడేది టఫెన్డ్ గాజు. దానిని 600 డిగ్రీల సెల్సియస్‌కు మించి వేడిచేసి, చల్లని గాలితో హఠాత్తుగా చల్లారుస్తారు. పైపొర ముందుగా గట్టిపడుతుంది. ఆ తరువాత లోపలి పొర చల్లారి కుంచించుకోబోతే పైపొర దానిని అడ్డుకుంటుంది. ఫలితంగా పైపొర నొక్కుడు బలంలోనూ, లోపలి పొర లాగుడు బలంలోనూ శాశ్వతంగా ఉండిపోతాయి. ఈ అమరిక వల్లనే ఆ గాజు మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు గట్టిగా ఉంటుంది. కాని ఒక్క పగులు పైపొరను దాటి లోపలి పొరను చేరితే, దాగి ఉన్న బలమంతా ఒక్కసారిగా విడుదలై అద్దం మొత్తం చిన్న చిన్న పలుకులవుతుంది. ధ్రువణ కళ్ళద్దాలు పెట్టుకొని చూస్తే, కారు వెనుక అద్దంలో ఒక్కొక్కసారి నల్లని మచ్చలు వరుసగా కనిపిస్తాయి. అవి మురికి కాదు. చల్లార్చే గాలి గాజులో మిగిల్చిన ప్రతిబలపు గుర్తులు.

ఆ పగులు ఎప్పుడో మొదలై ఉండవచ్చు. బిగించేటప్పుడు అంచుకు తగిలిన దెబ్బ, చట్రం ఒకవైపు ఎక్కువగా నొక్కడం, పాత రాయి గాటు నెలల తరబడి నిదానంగా లోనికి పాకవచ్చు. ఎండ వేడి చివరి నెట్టు మాత్రమే. గాజు తయారయ్యేటప్పుడు నికెల్ సల్ఫైడ్ రేణువు లోపల చిక్కుకుంటే, అది సంవత్సరాల తరువాత కూడా కొద్దిగా ఉబ్బి అద్దాన్ని పగలగొట్టగలదు. పెద్ద భవనాల అద్దాలలో ఈ కారణాన్ని 1960ల నుంచి గుర్తిస్తూ వచ్చారు. ఇక ముందు అద్దం వేరు. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉండే లామినేటెడ్ అద్దమది. అందుచేత అది రాలిపోదు. చిన్న గాటు నుంచి గీత సాగుతుంది. గాటు చిన్నదిగా ఉన్నప్పుడే బాగుచేయించడం, ఎండలో కాగిన అద్దంపై చన్నీళ్ళు పోయకుండా ఉండడం వివేకం.

డాక్టర్ సూరి భగవంతం 1989 ఫిబ్రవరి 6వ తేదీన కన్నుమూశారు. ఆగిరిపల్లిలో పుట్టి, గుడివాడలో అక్షరాలు దిద్దుకొని, దేశంలోని అత్యున్నత శాస్త్ర పదవులను అధిష్ఠించిన ఆయన జీవితం కృష్ణాతీర విద్యార్థులకు గర్వకారణం. పదవుల కంటే ఆయన మనకు మిగిల్చిన పరిశోధన పద్ధతి విలువైనది. కంటికి ఏమీ కనిపించనప్పుడు ఆయన ఊహతో సరిపెట్టుకోలేదు. తగిన వెలుగులో చూశారు, లెక్క కట్టారు, ప్రయోగంతో సరిచూశారు. పగిలిన అద్దం ముందు నిలిచి ఎదుటివానిపై నేరం మోపే ముందు మనం కూడా ఆ అద్దం అంచులనూ, పలుకులనూ, చట్రాన్నీ ఒకసారి పరిశీలించాలి. అలా చేస్తే నిజమైన కారణం బయటపడుతుంది. ఏ తప్పూ చేయనివాడు నిందపడకుండా ఉంటాడు.