దుర్గాబాయమ్మగారి కోపం

మన నిడదవోలు నుంచి గోదావరి దాటగానే వచ్చే రాజమండ్రిలో 1909 జూలై 15న శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు జన్మించారు. ఆంధ్ర మహిళా సభ స్థాపకురాలిగా, రాజ్యాంగ సభ సభ్యురాలిగా ఆమె పేరు ఎరుగనివారు మనలో ఉండరు. ఆ సంగతులు పిల్లల పాఠ్యపుస్తకాలలో ఉన్నవే. నేను రాయదలచింది వేరు. ఆస్తి పంపకాలనాడు తోడబుట్టినవారు అన్న మాట, వియ్యాలవారి పందిట్లో జరిగిన అవమానం ముప్పై ఏళ్లయినా మరువలేక కుమిలిపోయేవారు మన పెన్షనర్లలో ఎందరో ఉన్నారు. వారికోసమే ఈ నాలుగు ముక్కలు.

ఎనిమిదో ఏట ఆమెను సుబ్బారావుగారికిచ్చి పెళ్లి చేశారు. పెళ్లంటే ఏమిటో తెలియని వయసు. ఆడపిల్లలకు హిందీ బడి నడిపే నాటికి తనకు జరిగినదేమిటో ఆమెకు తెలిసివచ్చింది. పదిహేనో ఏట, కాపురానికి పంపే వేళ, ఈ సంసారం తనవల్ల కాదని, వేరే పెళ్లి చేసుకోమని భర్తకు తానే నచ్చజెప్పారు. తండ్రి రామారావుగారు, తమ్ముడు నారాయణరావుగారు ఆమె పక్షాన నిలిచారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన సంగతా! ఆమెకు కోపం లేదని నేననుకోను. అయితే ఆ కోపం ఆచారంమీదనే నిలిచింది, మనుషులమీదకు మళ్లలేదు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో మూడుసార్లు జైలుకు వెళ్లారు. మధుర జైలులో ఉరిశిక్ష పడ్డ ఖైదీల పక్కగదిలో ఏడాదిపాటు ఒంటరిగా ఉంచారు. నరాలు దెబ్బతిన్నాయి. చట్టం తెలియక, చేయని నేరాలు కూడా ఒప్పుకుని శిక్ష అనుభవించే ఆడవాళ్లను జైళ్లలో చూశారు. బయటికొచ్చాక పట్టుబట్టి చదివి 1942లో న్యాయవాది అయ్యారు.

నన్ను అన్నిటికంటే కదిలించినది మాయమ్మగారి సంగతి. సుబ్బారావుగారు రెండో పెళ్లి చేసుకున్నది ఈమెనే. ఆయన కాలం చేశాక మాయమ్మగారికి అత్తవారింట కష్టాలు వచ్చాయి. మనమైతే ఏం చేస్తాం? మనకెందుకు, ఆ ఇంటి గొడవ అంటాం. దుర్గాబాయమ్మగారు ఆమెను ఆంధ్ర మహిళా సభకు తీసుకొచ్చి, పని నేర్పించి, తన కాళ్లమీద తాను నిలబడేలా చేశారు. కుటుంబ పెన్షను కాగితాలకోసం తిరిగే మన ఆడపడుచులకు ఆ సాయం విలువ వేరే చెప్పనక్కరలేదు.

1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్ గారిని వివాహమాడారు. అదే ఏడు చైనా వెళ్లివచ్చి, ఇంటి తగాదాలు మామూలు కోర్టులకెక్కి పగలుగా మారకుండా వేరే కుటుంబ న్యాయస్థానాలు కావాలని నెహ్రూగారితోను, న్యాయమూర్తులతోను చర్చించారు. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది.