ధర్మనిధి సాయంతో చదివి చూపు నిలిపిన మహనీయుడు

డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. కలిమి లేని కుటుంబం. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ, మామగారు ఆదుకోబట్టి అమెరికా వెళ్ళి హార్వర్డులో చదివారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరి పరిశోధనలకు సారథ్యం వహించారు. ఆయన హయాంలోనే డగ్గర్ గారు ఆరియోమైసిన్ కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ జాతి మందుల్లో అదే మొదటిది.

ఈగల వల్ల, మురికి చేతుల వల్ల, ఒకే తువ్వాలు నలుగురూ వాడటం వల్ల అంటుకొని చూపు తీసే జబ్బు ట్రకోమా. పల్లెల్లో దానికి చాలాకాలం ఆ జాతి కంటి ఆయింట్‌మెంటే దిక్కయింది. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు కన్నుమూశారు. మన దేశంలో ట్రకోమా ఇక ప్రజారోగ్య సమస్య కాదని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది.

పల్నాడులో ఒక పేద విద్యార్థికి మనమిచ్చే సాయం రేపు ఎందరి కళ్ళు కాపాడుతుందో ఎవరు చెప్పగలరు?