న్యూటను, మన ఎడ్లబండి

ఐజాక్ న్యూటను, నాటి ఇంగ్లండు పంచాంగము చొప్పున, 1642 క్రిస్మస్ దినమున తండ్రిలేని బిడ్డగా పుట్టెను. మూడేండ్లకే తల్లి మరల వివాహమాడి అతనిని అవ్వయొద్ద విడిచిపోయెను. 1665లో తెగులువలన కేంబ్రిడ్జి మూతపడగా ఇంటికి వచ్చి చలనమునుగూర్చి లోతుగా ఆలోచించెను, అయినను బయటపెట్టలేదు. 1684లో హేలీ వచ్చి అడుగకున్న ఏమగునో! 1687లో ప్రిన్సిపియా అచ్చయ్యెను.

అందలి రెండవ సూత్రమును మనము గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు బాటలమీదనే చూడవచ్చును. ఎద్దులు అదే బలముతో లాగుచుండగా, సరుకుతోకూడ బండి ద్రవ్యరాశి రెండింతలైనచో, వేగము పెరుగుట సగమగును. సరుకు మారక బలము రెండింతలైన, ఆ పెరుగుట రెండింతలు. (రాపిడిని ప్రక్కకు పెట్టితిమి, రేగడి బాటలో అది తక్కువేమి కాదు.)

అతడు 1727లో మరణించెను. దానియేలు ప్రవచనములపై అతడు వ్రాసియుంచిన గ్రంథము 1733లో వెలువడెను.