ఇంటికొచ్చే మాత్ర వెనకున్న మనిషి: యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెరిగినవాళ్లకి ఈ దృశ్యం కొత్తకాదు. ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్ కలిసి వీధిలోకి వస్తారు. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎవరికెంత వయసు అని అడిగి మాత్రలు లెక్కపెట్టి చేతిలో పెడతారు. తమ ముందే మింగమంటారు. అన్నం తిన్నాక వేసుకుంటామని చెప్పి మనం తీసుకుంటాం. ఆ మాత్రలు అలమారాలోకి వెళ్తాయి, చాలా ఇళ్లల్లో మళ్లీ బయటికి రావు.

ఆ మాత్ర పేరు డీఈసీ. మన దగ్గర బోదకాలు మాత్ర అంటారు. అది అమెరికాలో ఒక మందుల కంపెనీలో తయారైంది. ఆ పరిశోధన నడిపించింది మాత్రం భీమవరంలో పుట్టిన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. గర్భిణులకి ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్ర, డాక్టర్లు రాసే టెట్రాసైక్లిన్ రకం మందులు, పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి మొదటి మందు, వీటన్నిటి వెనకా ఆయన చెయ్యి ఉంది. ఇన్ని మందులు ఇళ్లల్లోకి వచ్చినా ఆయన పేరు మాత్రం చాలా ఇళ్లకి చేరలేదు.

పేదింటి పిల్లాడు

సుబ్బారావు 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంటి నిండా పిల్లలు, చాలీచాలని రాబడి. చిన్నప్పుడు డబ్బు సంపాదిస్తానని ఇల్లు వదిలి కాశీ బయల్దేరితే తల్లి వెనక్కి తెప్పించి బడికి పంపిందని చెబుతారు. చదువులో ఆయన మొదట్నుంచీ మెరిసిన పిల్లాడేమీ కాదు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు. పరీక్ష పోయిందని పిల్లల్ని తిట్టే మనం ఇది గుర్తుపెట్టుకోవాలి.

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీ తర్వాత మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. అది స్వాతంత్ర్య ఉద్యమ కాలం. ఆయన ఖద్దరు కట్టేవారు. అది సర్జరీ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ చేతికి రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటపడ్డారు. ప్రభుత్వ ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు.

ఆ రోజుల్లోనే ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే పేగులు తిండిలోని సారాన్ని పీల్చుకోలేకపోవడం. విరేచనాలు ఆగవు, మనిషి ఎండిపోతాడు, రక్తం పలచబడిపోతుంది. అప్పటికి దానికి సరైన మందు లేదు. చదువుకున్న డాక్టరు ఇంట్లో ఉండి కూడా ఏమీ చెయ్యలేకపోయారు.

బోస్టన్‌లో రాత్రి పని

మామగారి సాయం, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బు పట్టుకుని 1922లో ఓడెక్కారు. అక్టోబరులో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. అక్కడ డాక్టరుగా పనిచెయ్యడానికి ఆయన చదువు చెల్లదు. అందుకే పొట్టకోసం రాత్రిపూట ఆసుపత్రిలో చిన్న పనులు చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం కూడా అందులో ఉంది.

తర్వాత హార్వర్డ్‌లోనే సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ దగ్గర పరిశోధనలో చేరారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతిని ఇద్దరూ కలిసి 1925లో ప్రకటించారు. దాన్ని నేటికీ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అంటారు. ఆ పనిలోంచే కండరాల్లో దాగే ఫాస్ఫోక్రియాటిన్, ఆ తర్వాత ఏటీపీ బయటపడ్డాయి. ఏటీపీ అంటే ఒంట్లో చెల్లే నగదు అనుకోండి. తిన్న అన్నం, రొట్టె అంతా చివరికి ఆ నగదుగా మారితేనే గుండె కొట్టుకుంటుంది, చెయ్యి కదులుతుంది. జర్మనీలో లోమాన్ అనే శాస్త్రవేత్త కూడా అదే సమయంలో ఏటీపీని కనుక్కున్నారు.

ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు. తర్వాతి ఎనిమిదేళ్లలో జరిగిందే మన ఇళ్లదాకా వచ్చింది.

ఆకుకూరలో దొరికిన మందు

స్ప్రూ రోగుల్లో కనిపించే రక్తహీనత లాంటిదే గర్భిణుల్లోనూ కనిపించేది. 1928లో బొంబాయి వచ్చిన లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరు మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్ని పరీక్షించారు. ఆమె చూసినవాళ్లలో అందరికంటే నాసిరకం తిండి తినేదీ, ఎక్కువగా ఈ జబ్బు పడేదీ పేద ముస్లిం స్త్రీలే. ఈస్ట్ నుంచి తీసిన పదార్థం తినిపిస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో పనిచేసేది ఏమిటన్నది అప్పటికి తేలలేదు.

ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. 1945లో సుబ్బారావు బృందం దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి చూపించింది. అప్పట్నుంచి అది మాత్రగా మారి, స్ప్రూ రక్తహీనతకి కూడా పనికొచ్చింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన జబ్బుకి మందు పాతికేళ్ల తర్వాత ఆయన ప్రయోగశాలలోంచే వచ్చింది.

ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణికి ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వాడాలి. వాంతి వస్తోందనీ, విరేచనం నల్లగా అవుతోందనీ మన ఇళ్లల్లో మధ్యలోనే మానేస్తారు. నలుపు ఇనుము వల్ల వచ్చేదే, భయం లేదు. ఇంకో మాట. కడుపులో బిడ్డకి వెన్ను, మెదడు మొదటి నాలుగు వారాల్లోనే రూపు కడతాయి. అప్పటికి గర్భం వచ్చిన సంగతే చాలామందికి తెలీదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టర్ని అడిగి ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. తోటకూర, బచ్చలి, శనగలు, పప్పుల్లో కూడా ఇది ఉంటుంది. ఎక్కువసేపు ఉడికించి నీళ్లు పారబోస్తే చాలావరకు పోతుంది.

ఇదే ఫోలిక్ యాసిడ్‌ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే పదార్థాన్ని కూడా ఆ బృందం తయారుచేసింది. క్యాన్సర్ కణాలు వేగంగా పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి, దాన్ని అందకుండా చేస్తే అవి ఆగుతాయి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు ఆ మందుతో బ్లడ్ క్యాన్సర్ పిల్లల్లో కొందరికి తాత్కాలికంగా జబ్బు తగ్గించగలిగారు. 1948లో ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది. దాని తర్వాత వచ్చిన మెథోట్రెక్సేట్‌ని నేటికీ క్యాన్సర్‌కీ, కీళ్లవాతానికీ వాడుతున్నారు.

బోదకాలు మాత్ర

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకి వెళ్లిన అమెరికా సైనికులకి ఫైలేరియా సోకింది. దానికి మందు వెతకడం అప్పుడు అవసరమైంది. సుబ్బారావు బృందం 1947లో హెట్రజాన్ పేరుతో డీఈసీని తెచ్చింది.

ఈ జబ్బు ఎలా వస్తుందో తెలిస్తే మాత్ర ఎందుకో అర్థమవుతుంది. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు సన్నటి పురుగు పిల్లలు ఒంట్లోకి వస్తాయి. పెద్దవై శోషరస నాళాల్లో ఏళ్ల తరబడి బతుకుతాయి. వాటి పిల్లలు రాత్రిపూట రక్తంలోకి వస్తాయి. రక్త పరీక్షకి ఆరోగ్య సిబ్బంది రాత్రి రావడం అందుకే. ఆ మనిషిని కుట్టిన దోమ ఇంకొకరికి అంటిస్తుంది. ఇదంతా జరుగుతున్నా చాలామందికి పైకి ఏ లక్షణమూ ఉండదు. కాలు వాచేసరికి చాలా ఏళ్లు గడిచిపోతాయి.

డీఈసీ రక్తంలో తిరిగే పురుగు పిల్లల్ని చంపుతుంది. వాచిన కాలిని మామూలు కాలుగా మార్చలేదు. అందుకే బాగున్నవాళ్లందరూ కలిసి మింగాలి. నాకేమీ లేదు, నాకెందుకు అనే ప్రశ్నకి జవాబు ఇదే. మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు తిరగడం వస్తాయి. చాలాసార్లు అది ఒంట్లో పురుగులు చస్తున్నందుకు వచ్చేదే, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోతే పీహెచ్‌సీకి వెళ్లాలి. రెండేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, తీవ్రంగా జబ్బు పడ్డవాళ్లకి ఈ మాత్ర ఇవ్వరు. ఖాళీ కడుపుతో వేసుకోకూడదు. రంజాన్‌లో ఇచ్చారనుకోండి, ఇఫ్తార్ తర్వాత తిని వేసుకుంటామని సిబ్బందికి చెప్పండి, మర్చిపోకుండా వేసుకోండి.

ఇప్పటికే కాలు వాచినవాళ్లు ఇంట్లో ఉంటే దాచొద్దు. ఆడవాళ్లు బురఖా కింద, మగవాళ్లు లుంగీ కింద దాచుకుని సంబంధాలు తప్పిపోతాయని భయపడుతూ బతుకుతున్నారు. కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవాలి. కూర్చున్నప్పుడు కాలు పైకి పెట్టుకోవాలి. వుజూలో వేళ్ల సందులు కడగడం మనకి అలవాటే, ఆ తర్వాత పొడిగుడ్డతో తుడవడం కూడా కలుపుకోవాలి. పుండ్లు పడకుండా చూస్తే జ్వరాలు, వాపు పెరగడం తగ్గుతాయి. మగవాళ్లకి వచ్చే వరిబీజానికి ఆపరేషన్ ఉంది. సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి చిన్న వల కట్టినా దోమలు తగ్గుతాయి.

మట్టిలోంచి వచ్చిన మందు

సుబ్బారావు ప్రయోగశాలలోనే బెంజమిన్ డగ్గర్ అనే పెద్దాయన మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందు తీశారు. అది టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది, 1948లో బయటికొచ్చింది. పెన్సిలిన్ లొంగదీయలేని ఎన్నో జబ్బుల్ని అది లొంగదీసింది. ఇప్పుడు పొలాల్లో, పొదల్లో చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కి ముఖ్యంగా వాడే డాక్సీసైక్లిన్ కూడా ఆ కుటుంబానిదే.

ఆ మందునే తర్వాత కోళ్ల మేతలో కలిపితే కోళ్లు త్వరగా బరువు పెరుగుతాయని తేలింది. అక్కడ్నుంచి కోళ్ల ఫారాల్లో, రొయ్యల చెరువుల్లో యాంటీబయాటిక్స్ వాడకం విచ్చలవిడి అయింది. మందు మోతాదు మిగిలిన రొయ్యల్ని విదేశాలు వెనక్కి పంపుతాయి. మనమూ అంతే, జ్వరం వస్తే మెడికల్ షాపులో రెండు మాత్రలు కొని, తగ్గగానే ఆపేస్తాం. ఇలా అయినదానికీ కానిదానికీ వాడితే, మందుకి లొంగని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. రేపు నిజంగా అవసరమైనప్పుడు ఆ మందు పనిచెయ్యదు.

తిరిగి రాలేదు

1948 ఆగస్టులో ఒక రాత్రి సుబ్బారావు నిద్రలోనే చనిపోయారు. వయసు 53. ఓడెక్కిన రోజు నుంచి మళ్లీ స్వదేశం చూడలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఎదురుచూస్తూ ఉండిపోయారు. ఆయనకి నోబెల్ రాలేదు. 1995లో శతజయంతికి మన ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది.

భీమవరం నుంచి బోస్టన్ వెళ్లిన ఆయన పని ఆశా కార్యకర్త సంచీలో మన గుమ్మందాకా వచ్చింది. వచ్చే విడత ఆమె తలుపు తట్టినప్పుడు మాత్రని అలమారాలో పెట్టకండి. తిన్న తర్వాత, ఆమె ముందే మింగండి. ఇంట్లో పెద్దవాళ్లు మొదట వేసుకుంటే పిల్లలు కూడా వేసుకుంటారు.