పతాకంలో తెల్లని పట్టీ

ఆగస్టు 15 మన కతోలిక విశ్వాసులకు రెండు పండుగల దినం. మరియమాత మోక్షారోపణ మహోత్సవ దివ్యబలిపూజ ముగియగానే దేవాలయ ఆవరణలో జాతీయ పతాకం ఎగురుతుంది. జూబ్లీ హిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఆ ఉదయం ఎటు చూసినా జెండాలే. ఇది సినిమావారి పేట. లైట్లు మోసిన కుర్రవాడి పేరు కూడ తెరమీద వేసే రోజులివి. జెండామీద మాత్రం ఎవరి పేరూ ఉండదు. దాని మూలరూపాన్ని తీర్చినవారు మన తెలుగువారే, పింగళి వెంకయ్యగారు.

వెంకయ్యగారు 1876 ఆగస్టు 2న కృష్ణాజిల్లా భట్లపెనుమర్రులో జన్మించారు. యౌవనంలో బ్రిటిషు సైన్యంలో చేరి, దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధానికి (1899-1902) వెళ్ళారు. గాంధీజీతో పరిచయం అక్కడే కలిగిందని చెబుతారు. పరాయి జెండా క్రింద నిలబడిన ఆ సైనికుడికి, తిరిగివచ్చాక తన దేశానికొక జెండా కావాలన్న తపన పట్టుకుంది. మునగాల ప్రాంతంలో కంబోడియా ప్రత్తిని పరిశోధించి పత్తి వెంకయ్య అయ్యారు. జపాను భాష నేర్చి జపాన్ వెంకయ్య అయ్యారు. బందరు జాతీయ కళాశాలలో పనిచేశారు. 1916లో వివిధ దేశాల పతాకాలను వివరిస్తూ, మనకు తగిన నమూనాలతో ఆంగ్లంలో ఒక పుస్తకం ప్రచురించారు. చివరకు జెండా వెంకయ్యగా నిలిచిపోయారు.

1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైంది. ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నం ఉన్న జెండా కావాలని గాంధీజీ కోరారు. వెంకయ్యగారు మూడు గంటల్లో సిద్ధం చేశారు. అయినా సభముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైంది. ఆ ఆలస్యం మేలే చేసింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు అయితే తక్కినవారి మాటేమిటని గాంధీజీ ఆలోచించి, ఇతర మతాలవారికోసం తెలుపును చేర్చమన్నారు.

ప్రియ పాఠకులారా, ఆ తెల్లని పట్టీలో మనమూ ఉన్నాము! 1931లో రంగులకు మతపరమైన అర్థం తీసివేశారు. ఎరుపు స్థానంలో కాషాయం వచ్చింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం స్థానంలో అశోకచక్రాన్ని ఉంచింది. తెలుపు మాత్రం అలాగే ఉంది. ఈ దేశంలో మనం అతిథులమన్నట్లు ఎవరైనా మాట్లాడినప్పుడు బాధపడడం సహజం. కోపగించుకోనక్కరలేదు. తలెత్తి జెండావైపు చూస్తే చాలు. చూసి ఊరుకోవడమూ చాలదు. రెండు రంగులమధ్య నిలిచి రెంటినీ కలిపి ఉంచడమే ఆ తెలుపు చేసే పని. మన పనీ అదే.

దేశానికి ఇంత ఇచ్చిన వెంకయ్యగారు చివరి సంవత్సరాలు విజయవాడలో పేదరికంలో గడిపారు. ఆ లేమిని ఇల్లాలు, బిడ్డలు కూడ మోశారు. ఇచ్చినవారి వెనుక ఇంటివారి త్యాగం కూడ ఉంటుందని మనం మరచిపోతుంటాము. 1963 జులై 4న, 86 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు. తపాలాబిళ్ళ 2009లో వచ్చింది. కుమార్తె సీతామహాలక్ష్మిగారిని రాష్ట్ర ప్రభుత్వం మాచర్లలో సత్కరించింది 2021లో. మరుసటి ఏడాదే ఆమె వెళ్ళిపోయారు.

తన దేహంపై జెండా కప్పి, శ్మశానం చేరాక తీసి అక్కడి రావిచెట్టుకు కట్టమని ఆయన కోరారంటారు. జెండాను తనతో తీసుకుపోదలచలేదు, బ్రతికి ఉన్నవారికే విడిచిపెట్టారు. ఈసారి జెండావందనంలో ఆ వృద్ధ సైనికుని ఆత్మశాంతికై ఒక చిన్న ప్రార్థన చేద్దాం.